చదువు చేనిదాక రావలెను

(వానాకాలపు సేద్యమునకు ముందు రైతువేదికయందు జరిగిన సభలో మండల వ్యవసాయాధికారి చేసిన యుపన్యాసము)



తొలకరికి ఇంక కొలదిదినములే యున్నవి. దుక్కులు సాగుచున్నవి. విత్తనములకును ఎరువులకును మీరు తిరుగుచున్నారు.  మన మండలములో రైతులకు నేర్పు పనులు ఏ విధముగా జరుగుచున్నవో, వానివలన గలిగిన మేలేమో, మిగిలిన లోపమేమో మీకు విన్నవించుట నేటి సభయొక్క యుద్దేశము. జరిగినదానిని పెంచి చెప్పను, జరుగనిదానిని దాచను.

గడచిన యేటి పనిని తిరిగి చూచుకొనగా మాకొక పెద్ద లోపము కనబడినది. మేము చెప్పిన మాట పట్టాదారు చెవిదాక వచ్చినది. చేనిలో పనిచేయు చేతిదాక పోలేదు. ఈ లోపమును మీ తోడ్పాటు లేనిదే మేము తీర్చజాలము. కావున నేటి నా మాటలలో సగము నివేదిక, సగము మనవి యని గ్రహింపుడు.

గట్టుమీద చూచిన సంగతి

గత వానాకాలమున నేనొక ప్రత్తిచేని గట్టున పోవుచుంటిని. ఒక కూలివాడు పీపాలో మందు కలుపుచుండెను. కలుపుటకు కఱ్ఱ లేదు. మోచేతివరకు చేయి ముంచి కలుపుచుండెను. ఒంటిమీద బనియను, లుంగీ తప్ప మరేమియు లేవు. గాలి అతని మొగమునకే కొట్టుచుండెను. సీసా చేత బట్టుకొని చూచితిని. దానిమీద ఎఱ్ఱని గుర్తు కలదు. “ఇదేమో తెలియునా?” యని యడిగితిని. “ఎఱ్ఱగుర్తుంటే మందు గట్టిదని యనుకొంటి నయ్యా. పటేలుగారు మీ సభకు వచ్చిరి. నన్నెవరును పిలువలేదు. నాకు అక్షరము రాదు” అని యతడు చెప్పెను.

ఆ చేని యజమానుడు మా సభలకు తప్పక వచ్చు రైతు. మందు కలుపునప్పుడు తీసికొనవలసిన జాగ్రత్తలను ఆయన రెండుమారులు విన్నవాడు. ఆయన తప్పు చేయుదునని చేయలేదు. విన్నవాడొకడు, మందు కొట్టువాడొకడు. నడుమ నొక మాట చెప్పవలెనను తలపు ఆయనకును రాలేదు, మాకును రాలేదు. కూలివానిని సభకు పిలువకుండుట మా శాఖ తప్పు. అది మొదట నేనే యొప్పుకొనుచున్నాను.

ఇది చిన్న సంగతి కాదు. మన యాదిలాబాదు జిల్లాకు పెన్‌గంగ యావలి యొడ్డున యవత్మాలు జిల్లా కలదు. అదియు మనవలెనే నల్లరేగడిలో ప్రత్తి పండించు సీమ. 2017వ సంవత్సరమున అచట ప్రత్తిచేలలో మందులు కొట్టుచు విషము పీల్చి ఇరువదిమందికి పైగా మరణించిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. వారిలో రైతులును కలరు, కూలివారును కలరు. నాడు చేలు మనిషియెత్తు పెరిగి యుండెను. ఆ యెత్తున పిచికారి చేయువాని మొగముమీదనే మందు పడును. ఈ ముప్పు మనకు దూరము కాదు.

ఇదివరకు నేర్పిన తీరు

రైతుకు నేర్పవలెనను తలపు నేటిది కాదు. 1952 అక్టోబరు 2వ తేదీన మన దేశమున సమాజ వికాస పథకము మొదలయ్యెను. మరుసటి యేడు అదే దినమున జాతీయ విస్తరణ సేవ యేర్పడెను. గ్రామసేవకుడను నుద్యోగి ఊరూర తిరిగి మేలురకపు విత్తనమును, ఎరువును, ఆరోగ్యమును గూర్చి చెప్పుచుండెను. అయిదేండ్లు గడచిన పిమ్మట, 1957లో, బల్వంతరాయ్ మెహతా గారి సంఘము ఈ పనిని పరీక్షించి, ప్రజలు తమ పనియని తలచి ముందుకు రాలేదని తేల్చెను. పంచాయతీరాజ్య వ్యవస్థకు ఆ నివేదికయే మూలము.

అటుపిమ్మట 1970వ దశకపు చివరినుండి పలు రాష్ట్రములలో శిక్షణ–సందర్శన పద్ధతి వచ్చెను. ఊరిలో కొందరు రైతులను ఎన్నుకొని, ఉద్యోగి పదునైదు దినముల కొకమారు వారియొద్దకు పోయి చెప్పవలెను. వారు తక్కినవారికి చెప్పవలెను. కాగితముమీద చూడగా ఇది చక్కని పద్ధతియే. కాని పెక్కుచోట్ల ఎన్నుకొనబడినవారు కొంచెము భూవసతి గల పెద్దరైతులే యైరి. వారు విన్నది వారి యింటిలోనే నిలిచిపోయెను. చెరువు నిండినను తూము తెఱవనిదే ఆయకట్టు తడియదు గదా! ఆనాటి పొరపాటే మన మండలములో నేటికిని వేరు రూపమున సాగుచున్నది.

ఈ రైతువేదిక సంగతియే చూడుడు. రమారమి అయిదువేల యెకరముల కొకటి చొప్పున రాష్ట్రమంతట 2,601 వేదికలు కట్టవలెనని నిర్ణయమై, 2020 అక్టోబరు 31వ తేదీన జనగామ జిల్లా కొడకండ్లలో మొదటిది తెఱవబడెను. 2024 మార్చిలో రైతునేస్తమను కార్యక్రమము మొదలై, శాస్త్రజ్ఞులు దూరమునుండి దృశ్యరూపమున రైతులతో మాటలాడు వసతి కలిగెను. ఇల్లు కలదు, కుర్చీలు కలవు, తెర కలదు. అయితే ఇందు కూర్చున్నవారిని కలయజూడుడు. స్త్రీలెందరు? కౌలుదారులెందరు? జీతగాండ్రెందరు? వేళ్లమీద లెక్కింపవచ్చును.

పొలంబడి

పై లోపమునకు మేము కనుగొన్న మొదటి మార్గము పొలంబడి. దీని పుట్టుక ఇండోనీసియా దేశము. అచట వరికి సుడిదోమ విపరీతముగా పట్టెను. మందు కొట్టినకొలది దోమ హెచ్చెనేగాని తగ్గలేదు. దోమను తిను సాలీడులును మిరిడ్ నల్లులును మందునకు ముందుగా చచ్చుటయే యిందులకు కారణమని శాస్త్రజ్ఞులు తేల్చిరి. 1986లో ఆ ప్రభుత్వము 57 రకముల పురుగుమందులను వరిమీద వాడరాదని శాసించెను. ఆజ్ఞ యిచ్చినంతమాత్రమున రైతునకు నమ్మకము కలుగదు గావున, 1989లో చేనిలోనే బడి పెట్టిరి. అదియే పొలంబడి. అటుపిమ్మట పలు దేశములకును, మన తెలుగుసీమకును వచ్చెను.

పొలంబడిలో పలక లేదు, పంతులు లేడు. ఇరువదియైదు ముప్పదిమంది రైతులు పంటకాలమంతయు వారమున కొకనాడు ఉదయమే ఒక చేనియొద్ద కలియుదురు. ఆ చేనిని రెండు భాగములు చేయుదురు. ఒకదానిలో వాడుకప్రకారము సేద్యము. రెండవదానిలో చూచి, లెక్కించి, అవసరమైననే మందు. అయిదేసిమంది గుంపులుగా దిగి, మొక్కలను మొదలునుండి చివరివరకు చూచి, చెడుపురుగు లెన్ని, మిత్రపురుగు లెన్ని యని లెక్కింతురు. పెద్ద కాగితముమీద నడుమ మొక్కబొమ్మ, ఒకప్రక్క శత్రువులు, వేరొకప్రక్క మిత్రులు, పైన ఎండయో మబ్బో, క్రింద నీరెంతయో గీయుదురు. అక్షరము రానివాడును ఈ బొమ్మ గీయగలడు. పిదప అందరును చర్చించి, ఈ వారము మందు కొట్టవలెనా వలదా యని తీర్మానింతురు. తీర్మానము రైతులదే; ఉద్యోగి ప్రశ్నలు మాత్ర మడుగును.

ఒక చిన్న పరీక్ష చెప్పెదను. మీ యింటనే చేయవచ్చును. ఒక గాజుసీసాలో వరిపిలకను నిలిపి, లెక్కపెట్టి పది సుడిదోమలను విడువుడు. ఒక సాలీడును అందే విడిచి, మూతికి పలుచని గుడ్డ కట్టుడు. మరునాడుదయము దోమలను లెక్కించి చూడుడు. పుస్తకములో పదిమారులు చదివినదానికంటె ఈ యొక్క రాత్రి యెక్కువ నేర్పును. సాలీడును, తూనీగను, అక్షింతలపురుగును చేనిలో చూచినప్పుడు తన కూలి యడుగని పనివానిని చూచినట్లు రైతు సంతోషింపవలెను.

మన మండలములో నిరుడు జరిగిన పొలంబడులలో వరిరైతులు బాగుగా పాల్గొనిరి. ప్రత్తిలో మాత్రము మొదటి నెల దాటగనే హాజరు పలుచబడెను. కారణ మడుగగా రెండు మాటలు చెప్పిరి. బడివేళ కూలివేళతో ఢీకొనుచున్నదనునది మొదటిది. “మేము చూచి వలదన్నను, మందు కొట్టువాడు దుకాణపువాని మాట విని కొట్టుచున్నాడు” అనునది రెండవది. మొదటిదానికి వేళ మార్చితిమి. ఇకమీదట బడి ఉదయము ఏడుగంటల లోపల మొదలై, కూలి కట్టువేళకు ముగియును. రెండవదానికి మందు మీరే.

పునుకుల చెప్పిన పాఠము

దుకాణపువాని మాటకు లోబడక నిలిచిన గ్రామము మన రాష్ట్రములోనే కలదు. పూర్వపు ఖమ్మము జిల్లా, నేటి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో పాల్వంచ యొద్దనున్న పునుకుల గ్రామము ప్రత్తియు మిరపయు పండించునది. పురుగుమందుల వ్యాపారులయొద్ద అరువు తెచ్చుట, పంట వారికే యమ్ముట, అప్పు తీరకుండుట అచట మామూలై పోయెను. 1999 ప్రాంతమునుండి స్వచ్ఛంద సంస్థల సహాయమున కొందరు రైతులు వేపగింజల కషాయము, పచ్చిమిర్చి–వెల్లుల్లి కషాయము, లింగాకర్షక బుట్టలు, ఎరపంటలు మొదలైనవాటితో పురుగును అదుపులో నుంచుటకు ప్రారంభించిరి. ఏటేట వారి సంఖ్య పెరిగెను. 2003లో ఆ గ్రామము పురుగుమందులు లేని గ్రామముగా ప్రకటించుకొనెను.

అందు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. ఆ మార్పునకు పట్టుబట్టినవారిలో స్త్రీల సంఘములు ముందున్నవి. మందు వాసనతో తడిసిన బట్టలు ఉతుకువారు వారే. అప్పువాడు గుమ్మములో నిలిచిన దినమున జవాబు చెప్పువారు వారే. పాఠము వారికి చేరినపిమ్మటనే గ్రామము కదలెను. జనగామ జిల్లాలోని ఏనెబావి గ్రామమును 2006లో సేంద్రియ గ్రామముగా ప్రకటించుకొనెను. ఈ గ్రామములు చేసినదంతయు మన నేలకు అచ్చముగా సరిపడునని నేను చెప్పను. అచట అందరును కలసి నేర్చిరను సంగతి మాత్రము ఎచటనైనను చెల్లును.

నీటిలెక్క

రెండవ పని నీటిబడి. 2003 మొదలు 2009 వరకు నాటి ఆంధ్రప్రదేశములోని అనంతపురము, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశము, నల్లగొండ, మహబూబునగరు అను ఏడు కరవు జిల్లాలలో రైతులే భూగర్భజలమును కొలిచి లెక్కవేయు పథకమొకటి జరిగెను. వానకొలతపాత్రను రైతే చూచెను. పదునైదు దినముల కొకమారు బావులలోని నీటిమట్టమును రైతే కొలిచెను. యాసంగికి ముందు ఊరివారందరును కూర్చుండి, వానవలన ఎంత నీరు నేలలోనికి దిగినది, మనము వేయదలచిన పైరులకు ఎంత కావలెను అని జమాఖర్చు వేసిరి. ఎవరును ఆజ్ఞాపింపలేదు. లెక్క గోడమీద వ్రాయగా చూచి, పెక్కుమంది వరి తగ్గించి ఆరుతడి పైరులకు దిగిరి.

ఆ లెక్కను నేడు మీ యెదుటనే వేసి చూపెదను. ఎకరముమీద ఒక మిల్లీమీటరు వాన పడినచో 4,047 లీటర్ల నీరగును. వరిపైరునకు దుక్కినుండి కోతవరకు సుమారు 1,200 మిల్లీమీటర్లు కావలెను. అనగా ఎకరమునకు నలువదియెనిమిదిన్నర లక్షల లీటర్లు. వేరుశనగకు సుమారు 500 మిల్లీమీటర్లు చాలును. అది ఇరువది లక్షల పైచిలుకు.

ఇక మీ బోరును కొలువుడు. 200 లీటర్ల పీపాను గొట్టము క్రింద నుంచి గడియారము చూడుడు. యాబది క్షణములలో నిండెనేని, క్షణమునకు నాలుగు లీటర్లు. గంటకు 14,400 లీటర్లు. దినమునకు ఆరుగంటలు నడపిన 86,400 లీటర్లు. నూటపది దినములకు తొంబదియైదు లక్షలు. వాన చినుకు పడనిచో, కాలువలో ఒక చుక్కయు పోనిచో, ఈ నీరు రెండెకరముల వరికి కూడ నిండుగా చాలదు. అదే వేరుశనగయైన నాలుగున్నర యెకరములకు మించి పారును. మూడెకరముల వరి నాటి, ఈనిక దశలో బోరు ఎత్తిపోగా, వేరొక బోరు వేయించి అప్పుపడిన రైతులు ఈ సభలో లేరా? ఆ పీపా కొలత నాటుకు ముందు చేసియుండిన ఆ యప్పు తప్పియుండును.

ఈ యేడు మన మండలములోని ప్రతి గ్రామమునందును వానకొలత వ్రాయుటకును బావిమట్టము వ్రాయుటకును ఇద్దరేసి యువకులను, ఇద్దరేసి స్త్రీలను తీసికొనదలచితిమి. అంకెలు వ్రాయుట వచ్చిన చాలును. నీరు పైవాడు తోడిన క్రిందివాని కెండును గావున ఈ లెక్కను ఒక్కరి పుస్తకములో నుంచక గ్రామ చావడి గోడమీద వ్రాయింతుము.

అక్షరము రానివారికి నేర్పుట

2011 జనాభాలెక్కలలో తెలంగాణ జిల్లాల అక్షరాస్యత నూటికి 66.54, పురుషులలో 75.04, స్త్రీలలో 57.99. చేలలో కలుపు తీయువారును, ప్రత్తి యేరువారును ఎవరో మీకు తెలియును. కావున మా కరపత్రములు చదువగలవారికే పనికివచ్చినవని వేరుగ చెప్పనక్కరలేదు. కేంద్రప్రభుత్వము 2022 మొదలు 2027 వరకు పదునైదేండ్లు దాటినవారి కొరకు ఉల్లాస్ అను చదువు కార్యక్రమమును ఏర్పాటుచేసెను. అందు చదువు వచ్చినవారే స్వచ్ఛందముగా రానివారికి నేర్పుదురు. మన యూళ్లలో ఇంటరు చదువుచున్న పిల్లలు కలరు. వారు సాయంకాలము ఒక గంట యిచ్చిన ఊరికి మేలు.

అక్షరము వచ్చువరకు ఆగవలెనా? అక్కరలేదు. జహీరాబాదు ప్రాంతమున మాచనూరు గ్రామములో 2008లో స్త్రీల సంఘములవారు సంఘం రేడియో అను పేరున ఒక సమాజ రేడియోను నెలకొల్పిరి. చిరుధాన్యములను గూర్చియు, విత్తనము దాచుటను గూర్చియు ఊరిస్త్రీలే తమ మాటలలో చెప్పుచు వచ్చిరి. నోటిమాటతో నేర్పవచ్చుననుటకు ఇంతకంటె సాక్ష్య మేల?

పురుగుమందు సీసామీది గుర్తునైనను ప్రతి కూలివానికిని నేర్పుడు. మూలమీద నిలిచిన చతురస్రములో క్రిందిసగమున రంగుండును. ఎఱుపు అత్యంత విషము. పసుపు మిక్కిలి విషము. నీలము ఒక మోస్తరు విషము. ఆకుపచ్చ కొంచెము విషము. నాలుగును విషములే. ఎఱుపు “గట్టిమందు” కాదు, ప్రాణము తీయు మందు. మాటలో చెప్పిన అరగంటలో వచ్చు చదువిది.

దీనితో కూడ ఈ క్రింది జాగ్రత్తలను చెప్పుడు. కఱ్ఱతోనే కలుపవలెను. చేతులకు తొడుగులు, ముక్కునకు నోటికి అడ్డము, నిండుచేతుల చొక్కా ఉండవలెను. గాలికి ఎదురుగా కొట్టరాదు. పరగడుపున కొట్టరాదు. నడుమ బీడి త్రాగుట, తమలపాకు నములుట కూడదు. నాళము పూడిన నోటితో ఊదరాదు. ఆనాటి బట్టలను ఇంటి బట్టలతో కలుపక వేరుగ ఉతుకవలెను. ఖాళీసీసాలలో నూనెగాని నీరుగాని పోయరాదు. ఎవరికైనను తల తిరిగినను, చూపు మసకబారినను, చొంగ కారినను, వాంతియైనను, వెంటనే చేనినుండి తొలగించి, బట్టలు విప్పించి, సబ్బుతో ఒడలు కడిగి, 108 బండిని పిలిచి, మందుసీసాను కూడ వెంట నిచ్చి ఆసుపత్రికి పంపవలెను. సీసాను చూచినగాని వైద్యునికి ఏ విషమో తెలియదు. స్మృతి తప్పినవాని నోట నేమియు పోయరాదు.

భూసారపరీక్ష

దీనిని గూర్చి మీరు వినియేయున్నారు గనుక క్లుప్తముగా చెప్పెదను. భూసార పత్రముల పథకము 2015 ఫిబ్రవరి 19వ తేదీన మొదలయ్యెను. పత్రము పెట్టెలో నుండిన నేలకు లాభము లేదు. ఎరువు వేయకముందే, చేనిలో అడ్డదిడ్డముగా ఎనిమిది పదిచోట్ల, జానెడు లోపల ఆంగ్లాక్షరము ‘వి’ ఆకారమున గుంట తీసి, ప్రక్కనుండి పైనుంచి క్రిందివరకు సమముగా మన్ను గీయవలెను. గట్టుదగ్గర, చెట్టుక్రింద, పెంటకుప్పయొద్ద తీయరాదు. అంతయు కలిపి, నాలుగు భాగములు చేసి ఎదురెదురు భాగములను విడిచి, అరసేరు మిగులువరకు అట్లే చేసి, నీడను ఆరబెట్టి పంపవలెను. ఫలితము వచ్చినపుడు, కౌలుకిచ్చిన చేనిదైనచో ఆ పత్రమును కౌలుదారునికి చదివి వినిపింపుడు. ఎరువు వేయువాడు అతడే గదా.

పట్టాదారుల భయము

ఇచట నొక మాట దాపరికము లేక చెప్పవలసియున్నది. పొలంబడికి కౌలుదారుని పంపుడని యడుగగా కొందరు పెద్దలు వెనుకాడిరి. అతని పేరు మా పట్టికలో నెక్కిన, రేపు భూమిమీద హక్కు కోరునేమోయని వారి శంక. 2011లో కౌలుదారులకు ఋణార్హత పత్రము లిచ్చుటకు చట్టము చేయబడినప్పుడును ఇట్టి శంకయే పలుచోట్ల పుట్టెను. పొలంబడి హాజరుపట్టిక ఎవరు పాఠము వినిరో తెలుపును. భూమి యెవరిదో తెలుపదు. అందు పేరును గ్రామమును తప్ప సర్వేనంబరును వ్రాయము. కావలసినవారు ఆ పట్టికను ఇచ్చటనే చూడవచ్చును.

మరికొందరు, “కూలివానికి చదువెందులకు? చెప్పిన పని చేసిన చాలును” అందురు. చెప్పిన పని చేయుటకే చెప్పుట తెలియవలెను, వినుటయు తెలియవలెను. తెలియక కొట్టిన మందు వృథా. తెలియక తీసిన కలుపులో మొక్క పోవును. తెలియక పెట్టిన నీటిలో ఎరువు కొట్టుకొనిపోవును. నష్టము ఎవరిదో మీరే యాలోచింపుడు. ఇక ప్రాణమునకు నష్టము వచ్చిన, అది ఏ పంటతోను తీరదు.

మా మనవి

ఈ వానాకాలమునకు మిమ్ము కోరునవి అయిదు:

1. పొలంబడి దినమున మీరు వచ్చునప్పుడు, మీ చేనిలో మందు కొట్టువానిని వెంటబెట్టుకొని రండు. ఆ రెండుగంటల కూలి తగ్గింపకుడు.

2. కౌలుకిచ్చినవారు కౌలుదారుని స్వయముగా పంపుడు. మీ మాటయున్ననే అతడు ధైర్యముగా వచ్చును.

3. ఇంటి స్త్రీలను పంపుడు. వారికొరకు వారి సంఘము కూడు దినమున, వారి వాడలోనే వేరుగ సభ పెట్టుదుము. మా యుద్యోగియే అచటికి వచ్చును.

4. నాటునకు ముందు మీ బోరును పీపాతో కొలిచి, ఆ యంకెను గ్రామపు గోడమీద వ్రాయింపుడు.

5. మందు కొనునప్పుడు రంగుగుర్తును, గడువు తేదిని చూచి, రసీదు తీసికొని, ఇంట పిల్లల చేతి కందనిచోట తాళము వేసి యుంచుడు.

మా వంతు పనియు చెప్పెదను. మేము ఉదయవేళకు బడి మార్చితిమి. తెరమీది పాఠమునకు ముందు, ఆ పాఠములోని మాటలను మన యూరి మాటలలో విప్పి చెప్పుదుము. మేము రాని దినమున మీకు సందేహము కలిగిన 1800-180-1551 అను నంబరునకు పిలువుడు. 2004లో నెలకొల్పిన ఈ కిసాన్ కాల్ సెంటరు తెలుగులోనే జవాబు చెప్పును. పిలుపునకు రుసుము లేదు. పంటకాలము ముగిసినపిమ్మట ఈ వేదికయందే మరల సభ కూర్చి, ఎన్ని దినములు బడి జరిగెనో, ఎవరెవరు వచ్చిరో, ఏ చేనిలో ఖర్చెంత తగ్గెనో మీ యెదుట చదువుదుము. అందు తప్పులున్న మీరు నిలదీయవచ్చును.

ఆనాడు గట్టుమీద నన్నడిగిన కూలివాడు ఇప్పుడు ఈ సభలో కడపటి వరుసలో కూర్చున్నాడు. ఆయన పటేలుగారే వెంట తీసికొనివచ్చిరి. వారిద్దరికిని నా నమస్కారములు. వచ్చు సభకు మీలో ప్రతివారును అట్లే మరియొకరిని తోడుకొని వచ్చెదరుగాక! ఈ యేడు సకాలమున వానలు కురిసి, మీ చేలు పండి, పనిచేసిన ప్రతివాడును ఆరోగ్యముతో ఇల్లు చేరుగాక యని కోరుచు విరమించుచున్నాను.